బూట్లు వేసుకుంటే బయటికి పంపే ఆట

ఫుట్‌బాల్ అనగానే మనకు మెస్సీ, రొనాల్డో, ఖతర్‌లో జరిగిన వరల్డ్ కప్ గుర్తొస్తాయి. ఇసుకలో ఆడే ఫుట్‌బాల్ కూడా ఒకటుంది. దానికీ ఫీఫా వాళ్లే వరల్డ్ కప్ పెడతారు. ఆ ఆట పేరు బీచ్ సాకర్. అందులో ఒక కాయిదా నాకు మహా ఇష్టం. బూట్లు వేసుకొని ఎవరూ ఆడకూడదు. చీలమండకు పట్టీ కట్టుకోవచ్చు, కంటికి అద్దాలు పెట్టుకోవచ్చు, బూటు మాత్రం మనా. బ్రెజిల్ వాడైనా, ఇరాన్ వాడైనా నంగే పాఁవ్, అంటే ఉత్తకాళ్లతో రావాల్సిందే.

ఈ కాయిదా ఎందుకంత ఇష్టమో చెప్పాలంటే ముందు మా ఊరి గురించి చెప్పాలి.

మాది పల్నాడులో వినుకొండ వైపు, ఈపూరు. సముద్రం మాకు దూరం. చూడాలంటే నరసరావుపేట మీదుగా బాపట్ల దాటి సూర్యలంక పోవాలి. మా దాదీ బతికినన్నాళ్లూ సముద్రం చూడలేదు. ఆమెకు దర్యా అంటే సాగర్ కాలువే. మా ఊళ్లో ఉండేది నల్లరేగడి, పత్తి, మిరప. మిరపకాయలు ఎండబెట్టే కల్లాలు ఎండాకాలం ఖాళీ అయ్యాక ఆ చదును నేలే మొహల్లా పిల్లలకు మైదాన్. కాయలు యార్డుకు పోయినా ఘాటు మట్టిలోనే ఉండేది. కింద పడి లేచి, అదే చేత్తో కళ్లు తుడుచుకున్నామా, ఆ రోజుకు ఇక ఆట ఖతం.

మా అబ్బా దర్జీ. మిషన్ కింద మిగిలిన పేలికల్ని పాత ప్యాంటు కాలులో కుక్కి, గుండ్రంగా కుట్టి ఇచ్చేవారు. అదే మా బంతి. వానకు తడిస్తే ఇటుకరాయంత బరువయ్యేది. ఆ బంతిని ఉత్తకాలితో గాల్లోకి లేపి, అది కింద పడకుండా కల్లం ఈ చివర నుంచి ఆ చివరకు తీసుకుపోగలిగినవాడు మాలో ఒక్కడే, మా చాచా కొడుకు. నాకన్నా రెండేళ్లు పెద్ద. మేమంతా భాయీజాన్ అనేవాళ్లం.

ఇద్దరం పట్నంలో ఫుప్పూ వాళ్లింట్లో ఉండి ఉర్దూ మీడియం చదివాం. ఒక ఏడాది బడుల మధ్య ఫుట్‌బాల్ పోటీలన్నారు. సెలక్షన్ రోజు పిల్లల్ని వరసగా నిలబెట్టారు. ముందు కాళ్లు చూశారు. కాన్వాస్ బూట్లు లేనివాళ్లను పక్కకు జరగమన్నారు. భాయీజాన్ పరిగెత్తుకెళ్లి పై క్లాసు కుర్రాడి దగ్గర బూట్లు అడిగి తెచ్చుకున్నాడు. అవి రెండు సైజులు పెద్దవి. ముందువైపు గుడ్డ కుక్కి తాళ్లు బిగించి దిగాడు. పది నిమిషాలకు ఒక గట్టి షాట్ కొడితే బంతి కన్నా బూటు ముందుకెళ్లి పడింది. మైదానమంతా నవ్వింది. భాయీజాన్ కూడా నవ్వాడు. కానీ ఆ తర్వాత ఆయన ఆడగా నేను చూడలేదు. కల్లం మీద కూడా.

పదో తరగతి అయ్యాక ఆయన పని వెతుక్కున్నాడు, నేను తెలుగు చదువుకు మళ్లాను. నేను పత్రికలో చేరేసరికి ఆయన దుబాయ్‌లో డ్రైవర్. 2024 ఫిబ్రవరిలో ఒక రాత్రి వీడియో కాల్ చేశాడు. వెనకాల ఫ్లడ్ లైట్లు, ఇసుక, గోల. సెలవు రోజని స్నేహితులతో మ్యాచ్‌కు వెళ్లాడట. ఫోన్ ఇసుక వైపు తిప్పి అరిచాడు: “అరే, యహాఁ జూతే పహ్నే తో బాహర్ నికాల్తే కతే!” ఇక్కడ బూట్లు వేసుకుంటే బయటికి పంపుతారంటరా అని. నలభై అయిదు దాటిన మనిషి చిన్నపిల్లాడిలా నవ్వుతున్నాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఫోన్ పెట్టేశాక కూర్చుని ఈ ఆట తారీఖ్ అంతా చదివాను. మీతో పంచుకోవాలనిపించింది.

ఈ ఆట పుట్టిల్లు బ్రెజిల్. రియో నగరంలో కోపకబానా అనే బీచ్ ఉంది. అక్కడ గరీబు పిల్లలు, పనులు ముగించుకున్న పెద్దవాళ్లు ఏళ్ల తరబడి ఇసుకలో ఉత్తకాళ్లతో ఆడుకుంటూ వచ్చారు. ఎవరి కాయిదాలు వాళ్లవి. 1992లో కొందరు కూర్చుని కాయిదాలు రాశారు. 1993లో అమెరికాలోని మయామి బీచ్‌లో బ్రెజిల్, అర్జెంటీనా, ఇటలీ, అమెరికా జట్లతో పోటీ పెట్టారు. 1995లో రియోలోనే మొదటి ప్రపంచ పోటీ జరిగింది. ఫైనల్లో బ్రెజిల్ 8-1 తేడాతో అమెరికాను ఓడించింది. ఆ బ్రెజిల్ జట్టులో జీకో, జూనియర్ ఉన్నారు. పెద్ద మైదానంలో పెద్ద పేరు తెచ్చుకున్నవాళ్లు, బూట్లు విప్పి ఇసుకలోకి దిగారు.

ఆట నడిచే తీరు చెప్తాను. జట్టుకు గోల్‌కీపర్‌తో కలిపి అయిదుగురు. పన్నెండు నిమిషాల చొప్పున మూడు భాగాలు. ఆటగాళ్లను ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, ఎందుకంటే ఇసుకలో రెండు నిమిషాలు పరిగెత్తితే పిక్కలు పట్టేస్తాయి. డ్రా అన్న మాటే లేదు. సమానంగా ఉంటే మూడు నిమిషాలు అదనం, అప్పటికీ తేలకపోతే పెనాల్టీలు. ఇసుక ఎగుడుదిగుడు కాబట్టి బంతి నేల మీద చక్కగా దొర్లదు. అందుకే కాలిమునతో పైకి లేపి, గాల్లోనే అందించుకుంటూ, గాల్లోనే కొట్టాలి. తలకిందులుగా ఎగిరి వెనక్కి తన్నే షాట్ మామూలు ఫుట్‌బాల్లో ఎప్పుడో ఒకసారి కనిపిస్తుంది, ఇక్కడ మ్యాచ్‌కు రెండు మూడు చూడొచ్చు. పడినా ఇసుకే కదా. కల్లం మీద భాయీజాన్ చేసిందీ ఇదే హునర్. దానికి ఒక పేరుందని మాకు అప్పుడు తెలియదు.

1995 నుంచి 2004 వరకు ఏటా ఒకటి చొప్పున పది పోటీలు జరిగితే తొమ్మిది బ్రెజిల్‌వే. 2001లో ఒక్కసారి పోర్చుగల్ గెలిచింది. 2005లో ఫీఫా ఈ కప్పును తన చేతిలోకి తీసుకుంది. కోపకబానా ఇసుకలోనే జరిగిన ఆ మొదటి ఫీఫా కప్పు ఫ్రాన్స్‌కు వెళ్లింది. ఆ జట్టు కోచ్ ఎరిక్ కాంటొనా. తర్వాత నాలుగుసార్లు వరసగా బ్రెజిల్ గెలిచింది. ఆ నాలుగోది 2009లో మన వాళ్లు లక్షల్లో ఉన్న దుబాయ్‌లోనే జరిగింది. అప్పటి నుంచి రెండేళ్లకోసారి చేశారు. 2011లో రష్యా ఫైనల్లో బ్రెజిల్‌ను 12-8తో ఓడించింది. ఫుట్‌బాల్ ఫైనల్లో ఇరవై గోళ్లు!

నా దిల్‌కు దగ్గరైన జట్టు మాత్రం తహితి. పసిఫిక్ మహాసముద్రంలో చిన్న దీవి. దాని జనాభా మన పల్నాడు జిల్లా జనాభాలో చిన్న వాటాయే. పెద్ద ఫుట్‌బాల్లో వాళ్లను గోళ్ల మీద గోళ్లు కొట్టి పంపిస్తారు. అదే తహితి 2015లో, 2017లో బీచ్ సాకర్ ప్రపంచ ఫైనల్ ఆడింది. ఒకసారి పోర్చుగల్ చేతిలో, ఒకసారి బ్రెజిల్ చేతిలో ఓడింది. ఓడితే ఏం, ప్రపంచంలో రెండోవాళ్లు. ఇసుక, ఉత్తకాళ్లు, అయిదుగురు మనుషులు చాలు అన్నప్పుడు చిన్నవాళ్లు కూడా పెద్దవాళ్ల ఎదుట నిలబడగలరు.

ఆసియాలో ఈ ఆట అరబ్బు తీరాల్లో, ఇరాన్‌లో బాగా వేళ్లూనింది. ఆసియా పోటీలు 2006లో మొదలైతే మొదటి కప్పు బహ్రెయిన్‌ది. తర్వాతి రెండూ యూఏఈవి. 2015లో ఒమన్ గెలిచింది. ఇరాన్ 2017లోనూ, భాయీజాన్ చూసిన 2024 దుబాయ్ పోటీలోనూ ప్రపంచంలో మూడో స్థానం తెచ్చుకుంది. ఆ 2024 కప్పు, 2025లో సీషెల్స్‌లో జరిగిన కప్పు, రెండూ మళ్లీ బ్రెజిల్ ఇంటికే చేరాయి. దుబాయ్‌లో 2011లో ఇంటర్ కాంటినెంటల్ కప్ అని మరో పోటీ మొదలైంది. అక్కడైతే ఇరాన్ చాలాసార్లు విజేత.

ఇరాన్ పేరు రాస్తుంటే 1951 గుర్తొచ్చింది. ఆ ఏడాది ఢిల్లీలో మొదటి ఆసియా క్రీడలు. ఫుట్‌బాల్ ఫైనల్లో ఇండియా, ఇరాన్. మనం 1-0తో గెలిచి బంగారు పతకం తెచ్చుకున్నాం. ఆ జట్టు కోచ్ హైదరాబాద్ వారు, సయ్యద్ అబ్దుల్ రహీం సాహబ్. పేషా రీత్యా స్కూల్ మాస్టర్.

ఆ రోజుల్లో మన ఆటగాళ్లలో చాలామందికి ఉత్తకాళ్లే అలవాటు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మన జట్టులో ఎక్కువమంది బూట్లు లేకుండానే ఫ్రాన్స్ మీద ఆడి 2-1తో ఓడారు. రెండు పెనాల్టీలు చేజారకపోతే కథ వేరేగా ఉండేది. 1950 వరల్డ్ కప్‌కు ఇండియా వెళ్లకపోవడానికి ఉత్తకాళ్లే కారణమని ఒక కథ బాగా తిరుగుతుంది. మనవాళ్లు ఆ కప్పుకు అప్పట్లో ఒలింపిక్స్‌కు ఇచ్చినంత విలువ ఇవ్వలేదన్నది తారీఖ్ రాసినవాళ్లు ఎక్కువమంది చెప్పే మాట. అయినా నింద కాళ్ల మీదే మిగిలిపోయింది. గరీబు కాళ్ల మీద నింద వేయడం సులభం కదా.

1952లో హెల్సింకీ చలిలో యుగొస్లావియా మనల్ని 10-1తో ఓడించింది. ఆ తర్వాత బూట్లు తప్పనిసరి అన్నారు. రహీం సాహబ్ ఆ మార్పుతో పేచీ పెట్టుకోలేదు. బూట్లతో ఆడటం నేర్పారు. డ్రిబ్లింగ్ చేయకుండా ఆడే పోటీలు, బలహీనమైన కాలితోనే ఆడే పోటీలు పెట్టి కుర్రాళ్లను తయారుచేశారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఇండియా నాలుగో స్థానంలో నిలిచింది. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు నుంచి వచ్చిన అజీజుద్దీన్, నూర్ మొహమ్మద్ అటు హెల్సింకీలోనూ ఉన్నారు, ఇటు మెల్‌బోర్న్‌లోనూ ఉన్నారు. 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి మళ్లీ బంగారు పతకం. ఆ మరుసటి ఏడాదే కేన్సర్‌తో రహీం సాహబ్ ఇంతెఖాల్ అయ్యారు. ఆయన గురించి సినిమా వచ్చాక మన పిల్లలకు ఆ పేరు కొంచెం తెలిసింది, అల్హమ్దులిల్లా.

రహీం సాహబ్ చేసిన పనిలో నాకు పెద్దగా కనిపించేది ఇదే. కాళ్లకు బూట్లు లేవని ఆయన ఎవరినీ పక్కకు నిలబెట్టలేదు. ముందు ఆట చూశారు, తర్వాత బూట్లకు అలవాటు చేశారు. మా సెలక్షన్ రోజు ఈ వరస తిరగబడింది.

గరీబీని నేను పొగడటం లేదు. ఉత్తకాళ్ల నడకలో ఏ గొప్పా లేదు. పత్తికట్టె గుచ్చుకుని కాలు చీముపట్టిన పిల్లల్ని, తేలు కుట్టి రాత్రంతా ఏడ్చిన పిల్లల్ని చూసినవాణ్ని. ప్రతి బిడ్డ కాలికీ చెప్పు ఉండాలి, బూటు ఉండాలి. 2020 నుంచి మన రాష్ట్రంలో ప్రభుత్వ బడుల పిల్లలకు పుస్తకాలు, యూనిఫాంతో పాటు బూట్లు, సాక్సులు కూడా ఇస్తున్నారు. అది పిల్లల హక్. ఈపూరులో ఇవాళ బూట్లు లేవని ఏ పిల్లాడూ పక్కకు నిలబడనక్కర్లేదు.

కానీ పక్కకు నిలబెట్టే పద్ధతి మాత్రం పోలేదు, రూపం మార్చుకుంది. ఇప్పుడు పట్నాల్లో వల కట్టిన టర్ఫ్ మైదానాలు వచ్చాయి. గంటకు ఇంత అని కిరాయి. కోచింగ్‌కు నెలకు ఇంత అని ఫీజు. మెకానిక్ షాపులో పనిచేసే తండ్రి కొడుకు ఆ వల అవతల నిలబడి లోపలి ఆట చూస్తుంటాడు. వాడి కాళ్లకు బూట్లున్నాయి, లోపలికి వెళ్లే రాస్తా లేదు.

ఇంకో మాట చేదుగా ఉంటుంది, అయినా చెప్పాలి. ఈ వరస కట్టించి ముందు కాళ్లు చూసే పని బడివాళ్లే చేస్తారనుకోకండి. ఇళ్లల్లో మనమూ చేస్తాం, ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో. బేటీ పరిగెత్తుతానంటే ముందు బట్టలు చూస్తాం, వయసు చూస్తాం, మొహల్లాలో ఎవరేమంటారో చూస్తాం. ఆ పిల్ల ఎంత బాగా పరిగెత్తుతుందో చూసే వంతు ఎప్పటికీ రాదు. ఇజ్జత్ అన్న మాటను మనం చాలాసార్లు రెండు సైజులు పెద్ద బూటులా తొడిగిస్తాం. దానితో ఏ పిల్లా పరిగెత్తలేదు. మర్యాదగా ఒళ్లు కప్పుకునే బట్టలతో ఆడే పిల్లలు లోకమంతా ఉన్నారు. దారి చూడాలనుకుంటే దొరుకుతుంది.

దుబాయ్ ఇంటర్ కాంటినెంటల్ కప్‌లో 2022 నవంబర్‌లో జరిగింది ఇక్కడ చెప్పకుండా ఉండలేను. ఇరాన్ ఫైనల్లో బ్రెజిల్‌ను 2-1తో ఓడించింది. బ్రెజిల్‌ను ఓడించినవాళ్లు ఇసుకలో పొర్లి సంబరం చేసుకోవాలి. వాళ్లు చేసుకోలేదు. ఆ సెప్టెంబర్‌లో ఇరాన్‌లో మహ్సా అమీనీ అనే ఇరవై రెండేళ్ల అమ్మాయి పోలీసుల అదుపులో చనిపోయింది. దేశమంతా రగులుతోంది. ఫైనల్లో గోల్ కొట్టిన సయీద్ పీరామూన్ చేతి వేళ్లను కత్తెరలా కదిలించి జుట్టు కత్తిరించుకుంటున్నట్టు సైగ చేశాడు. అది అక్కడి ఆడవాళ్లు దుఃఖంతో, నిరసనతో చేస్తున్న పని. కప్పు చేతికిచ్చినా ఎవరూ గంతులెయ్యలేదు. చర్యలుంటాయని వాళ్ల ఫెడరేషన్ హెచ్చరించింది. ఆ రాజకీయాల మీద మనలో తలా ఒక రాయ్ ఉండొచ్చు. కానీ ఒక బిడ్డ చావు ముందు గెలుపు చిన్నదైపోయిందని ఆ ఆటగాళ్లకు అనిపించింది. అది ఇన్సానియత్. ఆ క్లిప్పు చూసి మా అమ్మాయి, “అబ్బా, గెలిచి కూడా ఎందుకు అలా ఉన్నారు?” అని అడిగింది. చెప్పాను. కాసేపు ఊరుకుని, “అయితే ఆడపిల్లలకు ఈ ఆట లేదా?” అంది. ఉంది బేటా, ఆడవాళ్ల జట్లు కూడా ఇసుకలో ఆడుతున్నాయి అన్నాను. తర్వాతి ప్రశ్న నేను ఊహించిందే. “మనూళ్లో?”

మన దేశం సంగతి చూద్దాం. 2007లో ఆసియా బీచ్ సాకర్ పోటీల్లో ఇండియా ఆడింది. ఆ తర్వాత పద్దెనిమిదేళ్లు మాయం. 2025 మార్చిలో థాయిలాండ్‌లోని పట్టాయాలో మళ్లీ కనిపించింది. గ్రూపు దాటలేదు. ఇంత తీరం ఉన్న దేశం కదా మనది. మొదటి జాతీయ బీచ్ సాకర్ పోటీ జరగడానికే 2023 దాకా పట్టింది. గుజరాత్‌లో సూరత్ దగ్గర డుమాస్ బీచ్‌లో పెట్టారు. ఫైనల్లో కేరళ 13-4తో గెలిచింది. ఎవరి మీద గెలిచిందో చూడండి, పంజాబ్ మీద. పంజాబ్‌కు సముద్రమే లేదు. సముద్రం లేని రాష్ట్రం ఫైనల్ దాకా వెళ్లింది. మన ఆంధ్రకు ఇటు ఇచ్ఛాపురం నుంచి అటు తడ దాకా తీరమే తీరం. చీరాల, బాపట్ల, మచిలీపట్నం, కాకినాడ, విశాఖ. ఆ ఇసుకలో పుట్టి పెరిగిన మత్స్యకారుల పిల్లల కాళ్లకు ఈ ఆట వేరే నేర్పాలా? చూసేవాళ్లు కావాలి అంతే. పంజాబ్‌కు చేతనైనప్పుడు సముద్రం లేని పల్నాడుకు ఎందుకు చేతకాదు?

ఈ మాట ఫోన్లో భాయీజాన్‌తో అంటే వెంటనే లెక్క మొదలుపెట్టాడు. ఈ ఈద్‌కు వస్తున్నాడు, ఈపూరులో ఒక ఇసుక మైదానం చేద్దామని. కాయిదా ప్రకారం మైదానం సుమారు 36 మీటర్ల పొడవు, 27 మీటర్ల వెడల్పు, ఇసుక కనీసం 40 సెంటీమీటర్ల లోతు ఉండాలి. హిసాబ్ వేస్తే దాదాపు 390 ఘనపు మీటర్లు. ట్రాక్టర్‌కు మూడు చొప్పున అనుకున్నా నూట ముప్పై ట్రాక్టర్లు. ఇసుక ధర మీకు తెలిసిందే. ఇద్దరం కాసేపు ఊరుకున్నాం. తర్వాత ఆయనే, “మైదాన్ రాకపోతే బచ్చాలనే తీసుకుపోదాం” అన్నాడు.

అదే చేస్తున్నాం. ఎండాకాలం సెలవుల్లో ఒక ఆదివారం, ఫజ్ర్ నమాజ్ కాగానే ఈపూరు నుంచి ఒక బస్సు సూర్యలంకకు బయల్దేరుతుంది. అబ్బాయిలు, అమ్మాయిలు, తోడుగా వాళ్ల అమ్మలు, ఖాలాలు. మొహల్లాలో హిందూ పిల్లలు కూడా పేర్లు ఇచ్చారు. సముద్రం చూడని దాదీలు, నానీలు ఎవరైనా ఉంటే వాళ్లకు ముందు సీటు. నీళ్లలోకి ఎవరూ దిగకుండా చూడటానికి ఈత వచ్చిన ఇద్దరు వస్తున్నారు, ఎందుకంటే అక్కడ అలలతో ఆటలు వద్దు. బంతులు రెండు కొన్నాం. గోల్ స్తంభాలకు నాలుగు వెదురు గడలు చాలు. ఎండ ఎక్కక ముందే, ఉదయం తొమ్మిదిలోపు ఆట ముగించాలి. ఆ తర్వాత ఇసుక కాల్తుంది. పరాఠాలు ఎవరింటివి వాళ్లు తెచ్చుకోవాలి. పేర్లు ఇవ్వాలనుకున్నవాళ్లు జుమ్మా తర్వాత మా తమ్ముడి కిరాణా కొట్టు దగ్గర రాయించుకోండి.

చెప్పులన్నీ బస్సులోనే వదిలి దిగుతాం. జట్లు ఎలా చేయాలో భాయీజాన్ చూసుకుంటాడు, ఇంషా అల్లా. ముప్పై ఏళ్ల తర్వాత ఆయన బంతి ముట్టుకునే రోజు అది.